పదిహేడో బ్యాటరీ

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తను ఇటు తిరిగి అటు చూసేలోపు పిల్ల ఏదో ఒకటి నోట్లో వేసుకుని మింగేస్తుందని. దొంగలంటే భయం లేదు, పిడుగులంటే భయం లేదు, ఆఖరికి మామగారంటే కూడా అంత భయం లేదు. పద్నాలుగు నెలల ఆ పిల్ల నోరంటేనే భయం.

పిల్లను ఇంట్లో అందరూ చీమ అనేవారు. నేల మీద ఎక్కడ ఏ నలుసు పడినా ముందు దాని కంటికే కనిపించేది. కంటికి కనిపించింది చేతికి, చేతికి దొరికింది నోటికి. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తూ, ఊడ్చింది మళ్ళీ వంగి చూస్తూ, ఆమెకు నడుం నిలబడి చాలాకాలమైంది.

అలాంటి ఇంట్లో నలభై ఒక్క పాత వాచీలున్నాయి. భర్త లిఫ్టు మెకానిక్కు. మధ్యలో ఆగిపోయినవాటిని కదిలించడమే అతని ఉద్యోగం. కాబట్టి ఆగిపోయిన వాచీ ఎవరైనా పారేస్తున్నారంటే చూస్తూ ఊరుకోలేడు. పదేళ్ళుగా అడిగి తెచ్చుకున్నవి, కొని తెచ్చుకున్నవి, చెప్పకుండా తెచ్చుకున్నవి అన్నీ కలిసి మూడు బిస్కెట్ డబ్బాలు నిండాయి. అన్ని వాచీలున్నా ఆ ఇంట్లో టైమెంతయిందో తెలియాలంటే ఫోను చూసుకోవాల్సిందే.

ఆమె ఇన్నాళ్ళూ ఓర్చుకుంది. కిందటి వారం టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు నర్సు గోడ మీది బొమ్మల పటం చూపించింది. పిల్లలకు అందకూడని వస్తువుల వరసలో మొట్టమొదటిది వాచీ బ్యాటరీ. చొక్కా గుండీ అంత ఉంటుంది. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లో లోపల కాల్చేస్తుందని నర్సు మామూలుగానే చెప్పింది. ఆమె ఆ రాత్రి నుంచీ సరిగ్గా నిద్రపోలేదు.

ఆదివారం పొద్దున్నే పని మొదలైంది. బజారులో వాచీల రిపేరు ఆయన పన్నెండింటికి వచ్చి మొత్తం తీసుకుపోతానన్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు. "బ్యాటరీలు మీరే తీసి ఉంచండమ్మా. చచ్చిన బ్యాటరీలు కారి నా పెట్టెంతా పాడైపోతోంది."

కీ తిప్పే వాచీలను పక్కన పెట్టగా బ్యాటరీవి పదిహేడు తేలాయి. భర్త బల్ల ముందు కూర్చుని చాకు మొనతో వెనక మూత తెరవడం, బ్యాటరీ తీసి సీసా మూతలో వేయడం. మూత తెరిచినప్పుడల్లా ఆమె అరచేతిలో పెన్నుతో ఒక గీత గీసుకోవడం. తొమ్మిదో తరగతి సగంలో బడి మానిపించినా, గీతలు గీసి లెక్కపెట్టడం ఆమెకు ఒకరు నేర్పక్కర్లేదు.

"దీన్ని ఇచ్చేయాలా? ముల్లొక్కటే లేదు, మిగతాదంతా బంగారంలా ఉంది," అన్నాడు అతను ఒక వాచీని చెవి దగ్గర పెట్టుకుని.

"తలొక్కటే లేదు, మనిషి బంగారం అన్నట్టుంది. తియ్యండి."

బల్లకు ఆ చివర మామగారు పేపరు విప్పుకుని, నీళ్ళ గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. ఆస్పత్రిలో నలభై ఏళ్ళు కంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. ఆ ఇంట్లో ఎవరికి తుమ్ము రావాలన్నా ఆయన అభిప్రాయం అడిగి రావాలి.

పదిహేడో వాచీ మొండికేసింది. అతను చాకు మొన దూర్చి ఒక్కసారిగా పైకి ఎత్తాడు. మూత టప్పున లేచి ఎగిరిపడింది. లోపల తెల్లగా ఏదో మెరిసింది. ఆమె పదిహేడో గీత గీసేసి, హమ్మయ్య అనుకుంటూ వంటగదిలో పాలు దించి వచ్చి, సీసా మూతలోవి ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"పదహారే ఉన్నాయి."

"పదహారే ఉండుంటాయి," అన్నాడు భర్త.

"పదిహేడు గీతలు గీశాను."

"చివరిదాంట్లో ముందే లేదేమో. కొన్నిటికి ఎప్పుడో నేనే తీసేశా."

"మెరిసింది. నా కళ్ళతో చూశాను."

అప్పుడు బల్ల కింద నుంచి చప్పుడు వినిపించింది. చీమ కాళ్ళు చాపుకుని కూర్చుని, ఎంతో శ్రద్ధగా ఏదో నములుతోంది. ఆమె దాన్ని బయటికి లాగి, నోట్లో వేలు పెట్టేసరికి తడిసిన పేపరు మూల ఒకటి వచ్చింది. దాని వెనక ఇంకేముందో చూసేలోపు పిల్ల గుటుక్కున మింగి నవ్వింది.

ఆమె ఫోను చూసింది. పది గంటల ఇరవై నిమిషాలు. రెండు గంటలంటే పన్నెండూ ఇరవై.

"అమ్మాయ్, కంగారు పడకు," అన్నారు మామగారు పేపరు దించకుండానే. "తొమ్మిదో తరగతి లెక్కలు ఇంతవరకే వస్తాయి. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టు."

ఆమె మళ్ళీ లెక్కపెట్టింది. పదహారే. భర్త తన పనిముట్ల సంచిలోంచి పెద్ద అయస్కాంతం తెచ్చాడు. లిఫ్టు గుంతలో పడ్డ మరలు ఏరుకునేది. నేలంతా పాములా పాకించాడు. రెండు పిన్నీసులు, ఒక మేకు దొరికాయి. పిల్ల అడ్డం వస్తే పక్కకు జరపబోయాడు. అయస్కాంతం వెళ్ళి పిల్ల పొట్టకు టక్కున అంటుకుంది.

చీమ ఆ ఆట బాగుందన్నట్టు చప్పట్లు కొట్టింది.

"పదండి," అంది ఆమె. పిల్లను ఎత్తుకుని, చెప్పుల్లో ఒకటి తనది ఒకటి భర్తది వేసుకుని అప్పటికే గుమ్మం దాటింది.

"నేనూ వస్తాను," అన్నారు మామగారు. పేపరు పక్కన పడేసి లేచారు. "నేను లేకపోతే అక్కడ నిన్ను బల్ల మీద కూర్చోబెట్టి మర్చిపోతారు. ఒరేయ్, నువ్వు వెతుకుతూ ఉండు. ఇంట్లోనే దొరికితే ఫోను చెయ్యి."

ఆటో రెండు వీధులు దాటిందో లేదో ఫోను మోగింది.

"దొరికింది," అన్నాడు భర్త. "బీరువా కింద. గుండ్రంగా, తళతళా ఉంది."

ఆమెకు ఏడుపొచ్చింది. ఆటో వెనక్కి తిప్పించింది. మళ్ళీ మోగింది.

"ఆగు. ఇది బ్యాటరీ కాదు. నీ దిద్దు శీల. మూడు నెలల కింద పోయిందని నన్ను తిట్టావే, అది."

ఆటో మళ్ళీ ముందుకు తిరిగింది. వంతెన ఎక్కగానే మళ్ళీ ఫోను. "ఇంకోటి దొరికింది. ఈసారి ఖాయం..." ఆమె డ్రైవరు భుజం తట్టబోయి ఆగింది. "నోట్లో పెట్టుకునేంత ఉందా?" అని అడిగింది. అతను తిప్పి చూసుకున్నట్టున్నాడు. "లేదులే. కుక్కరు విజిలు."

"అమ్మా, మీరొక్క మాట మీద నిలబడండి," అన్నాడు ఆటో డ్రైవరు. "నేనేమీ బొంగరాన్ని కాదు."

ఆస్పత్రిలో చీటీలు రాసే అమ్మాయి ఏమైందని అడిగింది. "వాచీలోది మింగింది" అని ఆమె చెప్పేసరికి, వెనక నిలబడ్డవాళ్ళ చెవికి చేరింది "వాచీ మింగింది" అని. ఆ వరసలో నాలుగో మనిషి దాకా వెళ్ళేసరికి పట్టీతో సహా మింగింది. చేతికి కట్టుతో ఉన్న ఒక ముసలామె వచ్చి పిల్ల పొట్టకు చెవి ఆనించి చాలాసేపు విన్నది.

"కొట్టుకోవట్లేదమ్మా," అంది జాలిగా. "ఆగిపోయినట్టుంది."

"ఏ కంపెనీది?" అన్నాడు ఆవిడ వెనకాయన.

మామగారు ముందుకు తోసుకెళ్ళి, తను నలభై ఏళ్ళు కంపౌండరుగా చేశానని, ఇది వరసలో నిలబడే కేసు కాదని గట్టిగా చెప్పారు. దారి దొరికింది. ఆ ఒక్క పనికి ఆమె మనసులో ఆయనకు దండం పెట్టుకుంది. టైము పదకొండూ పది.

ఎక్స్‌రే గదిలో ఉన్నతను పిల్లను చూసి, "ఇనుప గుండీలున్న గౌను తీసేయండమ్మా, బొమ్మలో పడతాయి," అన్నాడు. ఆమె గౌను విప్పి చేత్తో పట్టుకుని చూసింది. పొట్ట మీద వరసగా మూడు టిచ్ గుండీలు. అయస్కాంతం దేనికి అంటుకుందో అప్పుడు అర్థమైంది. అయినా గుండె కుదుటపడలేదు. గుండీ పైన ఉంటే లోపల ఇంకోటి ఉండకూడదని ఎక్కడ రాసి ఉంది?

పది నిమిషాల తర్వాత డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకు పెట్టి చూసింది. పిల్ల లోపల ఏమీ లేదు. ఎముకలు, పాలు, ఒక పేపరు ముక్క ఉంటే ఉండొచ్చు, అంతే.

ఆమె కుర్చీలో కూలబడింది. చీమ ఆమె కొంగు నోట్లో పెట్టుకుంది.

"చెప్పానా?" అన్నారు మామగారు. ప్రాణం తేలికపడేసరికి ఆయనకు మాట కూడా తేలికగా వస్తోంది. "లెక్క తప్పు. డాక్టరుగారూ, మా కోడలు మంచిదే కానీ చదువు మధ్యలో ఆగింది. పదహారుకీ పదిహేడుకీ మధ్య మమ్మల్నందర్నీ పరిగెత్తించింది."

"నేను తప్పు లెక్కపెట్టలేదండీ," అంది ఆమె నెమ్మదిగా. చెమటకు సగం చెరిగిన అరచెయ్యి చాపి చూపించింది. "పదిహేడో మూత తీసినప్పుడు లోపల ఉంది. దీని లోపల లేదంటే ఇంట్లో ఎక్కడో ఉన్నట్టే. ఈ పూట దొరకకపోతే రేపు ఇది మింగుతుంది. నాకు ఇంటికి వెళ్ళాలంటే భయంగా ఉంది."

డాక్టరమ్మ ఆ గీతల వంక చూసింది, నవ్వలేదు. మామగారు ఆ నిశ్శబ్దాన్ని తనకు దొరికిన అవకాశం అనుకున్నారు. ఇంకో వైద్యపు మనిషి ఎదురుగా కూర్చుంటే ఆయన ఊరుకోలేరు.

"అయినా ఇప్పటి కంపెనీలను అనాలి లెండి. పనితనం ఎక్కడుంది? మా రోజుల్లో బీపీ మాత్ర అంటే నాలిక మీద పడగానే తెలిసేది. ఈ పొద్దున వేసుకున్నది చల్లగా, నున్నగా జారిపోయింది. ఏం పూత పూస్తున్నారో, ఇప్పటికీ నోరంతా ఇనుము రుచి."

డాక్టరమ్మ పెన్ను ఆగిపోయింది.

"ఆ మాత్ర ఏ రంగులో ఉందండీ?"

"చూడలేదు. పొద్దున్నే నాలుగు మాత్రలూ అట్టలోంచి తీసి నా ముందు ఇంకో సీసా మూతలో వేసుకుంటాను. పేపరు చదువుతూ చదువుతూ అరచేతిలో పోసుకుని ఒక్క గుక్క. నలభై ఏళ్ళు మందులిచ్చిన చెయ్యమ్మా ఇది, చూడక్కర్లేదు."

"ఎక్కడ కూర్చుని వేసుకున్నారు?"

"ఎక్కడేమిటి, ఆ బల్ల దగ్గరే. మా వాడు వాచీలు విప్పుతుంటే, ఆఖరిదాని మూత టప్పున ఎగిరి..."

ఆయన కుడిచెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్ళింది.

ఈసారి ఎక్స్‌రే గదిలోకి మామగారు వెళ్ళారు. గుండీల చొక్కా విప్పమంటే మారుమాట లేకుండా విప్పారు. బొమ్మలో అది పున్నమి చంద్రుడంత స్పష్టంగా ఉంది. గుండ్రంగా, తెల్లగా, అంచు చుట్టూ సన్నటి గీతతో.

"అదృష్టవంతులు. గొంతు దాటి, పొట్ట కూడా దాటి కిందికి దిగింది," అంది డాక్టరమ్మ. "దానంతటదే బయటికి వస్తుంది. రేపు మళ్ళీ రండి, ఇంకో బొమ్మ తీద్దాం. నొప్పి అనిపిస్తే మాత్రం ఆ నిమిషమే రావాలి. వచ్చిందా లేదా అన్నది ఇంట్లో ఎవరైనా జాగ్రత్తగా చూసుకోవాలి." అంటూ ఆమె వంక చూసింది. "లెక్క తప్పని మనిషి అయితే మంచిది."

ఫోను మోగింది. భర్త ఇల్లంతా బోర్లించాడట. వాచీల రిపేరు ఆయన కూడా వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని వెతికాడట. బ్యాటరీ ఎక్కడా లేదు. "ఇంతకీ నీ లెక్కే తప్పు," అన్నాడు అతను. "ఒప్పేసుకో, వాచీలు మాత్రం ఈ పూటకి ఉంచుకుంటా."

ఆమె ఫోను మామగారికి అందించింది. ఆయన చొక్కా గుండీలు ఆఖరిదాకా పెట్టుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు.

"అమ్మాయి లెక్క సరిగ్గానే ఉందిరా," అన్నారు. "వాచీలన్నీ ఇచ్చి పంపెయ్. వివరాలు ఇంటికొచ్చాక చెప్తా. అసలు చెప్పకపోయినా నువ్వడక్కు."

బయట వరసలో ముసలామె లేచి నిలబడి, పిల్లకు ఎలా ఉందని అడిగింది. పిల్లకేమీ లేదని, పెద్దాయన మింగారని ఎవరో చెప్పారు. ఆవిడ మామగారిని పైనుంచి కిందికి ఓసారి చూసి, పొట్టకు చెవి ఆనించడానికి మాత్రం మొహమాటపడింది.

ఆ రోజు నుంచి ఆమె భయం తగ్గలేదు. రెండుగా చీలింది. ఒక కన్ను బల్ల కింద, ఒక కన్ను బల్ల పైన. కాబట్టి ఇది చదువుతున్నవారు దయచేసి ఒక్కసారి లేచి, మీ ఇంట్లో పెద్దాయన ఇప్పుడేం వేసుకుంటున్నారో చూసి రండి. పసిపిల్లల నోట్లో అయితే వేలు పెట్టి వెతకొచ్చు, పెద్దవాళ్ళను అడిగి తెలుసుకోవాల్సిందే.