పదమూడు పాయింట్ల మాట

మధ్యాహ్నం ఒంటిగంటంబావు నుంచి రెండున్నర దాకా అధికారి గారిని ఎవరూ ఓడించకూడదని ఆ కార్యాలయ నిబంధనల్లో ఎక్కడా లేదు. ఉండుంటే, మిగతా నిబంధనల్లాగే దాన్నీ ఎవరో ఒకరు మీరేవారు. లేదు కాబట్టి పదకొండేళ్లుగా అందరూ నిష్ఠగా పాటిస్తున్నారు.

ఆట చాలామందికి తెలిసిందే. గళ్ల పలక, సంచీలో అక్షరాల బిళ్లలు, ఒక్కో బిళ్ల మీద ఒక్కో అంకె. చేతికొచ్చిన ఏడు బిళ్లలతో ఇంగ్లీషు మాటలు పేర్చాలి. ఎంత అరుదైన అక్షరమైతే అన్ని ఎక్కువ పాయింట్లు. ఎదుటివాడు పేర్చింది అసలు మాటే కాదని అనుమానమొస్తే, మన బిళ్ల వెయ్యకముందే అభ్యంతరం చెప్పాలి. మన బిళ్ల పలక మీద పడిందా, అవతలి మాట చెల్లినట్టే. ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా దాన్ని తీయించలేడు. ఈ ఒక్క నియమాన్ని పాఠకులు మనసులో పెట్టుకుంటే చాలు.

అధికారి గారు రోజుకొకరితో ఆడేవారు. గెలిచాక మాత్రమే సంతకాలు పెట్టేవారు. కాబట్టి ఓడిపోవడం అక్కడ ఉద్యోగధర్మం. అయితే ఓడిపోవడమంటే నల్లేరు మీద బండి నడక కాదు. మరీ తొందరగా ఓడిన లెక్కల గుమాస్తాని, "నన్నేమన్నా చిన్నపిల్లాణ్ణనుకున్నావా?" అని కిటికీ లేని గదికి మార్చేశారు. పొరపాటున గెలిచిన టైపిస్టు గురించి అక్కడ ఎవరూ మాట్లాడరు. గెలుపు అంచుదాకా వెళ్లి, చివర్లో అధికారి గారి మేధస్సు ముందు తలవంచాలి. అందుకు చదువు కావాలి. ఏ రెండక్షరాల మాటలున్నాయో తెలిస్తేనే కదా, వాటిని వెయ్యకుండా ఉండగలిగేది? ఏ మూడక్షరాల మాట ఆయనకి తట్టవచ్చో తెలిస్తేనే కదా, దానికి చోటు వదిలిపెట్టేది?

అందువల్ల ఆ కార్యాలయంలో పొద్దున్నే పది నుంచి పదకొండున్నర దాకా చదువు నడిచేది. పొట్టి మాటల జాబితా పుస్తకం సీటుకొకటి ఉండేది. పని మీద వచ్చిన జనం బల్లల మీద వంచిన తలల్ని చూసి, ప్రభుత్వోద్యోగుల్ని అనవసరంగా ఆడిపోసుకుంటున్నామని పశ్చాత్తాపపడి వెళ్లిపోయేవారు.

ఆ పుస్తకంలో ఎడమ వరసలో మాటలు, కుడి వరసలో అర్థాలు. కుడి వరస చదివే దుర్గుణం ఒక్క రికార్డు గది గుమాస్తాకే ఉండేది. అర్థంతో ఆటకి పనిలేదని హెడ్ గుమాస్తా ఎన్నోసార్లు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. అయినా మానలేదు. ఆయనకో కారణముంది. భార్య రైల్లో రెండున్నర గంటల దూరంలో, ఇంకో ఊరి ఆస్పత్రిలో నర్సు. నాలుగేళ్లుగా వాళ్ల కాపురం ఆదివారాల్లో నడుస్తోంది. మిగతా ఆరు రోజులూ సాయంత్రం ఆరున్నరకి ఫోను. రోజూ ఫోనులో చెప్పుకోవడానికి కొత్త కబుర్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? కుడి వరస నుంచి వచ్చేవి.

'ఏఏ' అంటే కొండ కక్కిన నిప్పు గరుకుగా గడ్డకట్టిన రాయి. 'జాక్స్' అంటే ఇంటి కప్పు పలకలు కోసే కత్తి. ఏ, ఐ అని రెండక్షరాలు పక్కపక్కన ఉంటే మీరనుకునేది కాదు, చెట్టుకి తలకిందులుగా వేలాడుతూ వారానికోసారి కిందికి దిగే మూడుగోళ్ల జంతువు. అది విని ఆవిడ, "మీ ఆఫీసులో చేర్చుకుంటారేమో కనుక్కోండి," అంది. 'జో' అంటే ఇంగ్లీషువాళ్ల దేశంలో ఒకచోట ప్రియురాలు అని చెప్పిన రోజు మాత్రం ఆవిడ దాన్ని రెండుసార్లు చెప్పించుకుంది. మనం పిల్లల్ని నిద్రపుచ్చడానికి వాడుకున్న మాటని వాళ్లు దీనికి వాడుకున్నారన్నమాట, అనుకున్నారిద్దరూ. ఆ రోజుకది చాలింది.

భార్య ఉన్న ఊరికి బదిలీ చెయ్యమని ఆయన పెట్టుకున్న దరఖాస్తు పద్నాలుగు నెలలుగా అధికారి గారి బల్ల మీద, గాజు గుండు కింద, నిమ్మకు నీరెత్తినట్టు పడుంది. గాజులోంచి 'భార్యాభర్తలము' అన్న ముక్క మాత్రం బాగా పెద్దదై కనిపించేది.

రికార్డు గదివాళ్లని ఆటకి పిలవడం అరుదు. ఎట్టకేలకు ఆయన వంతు వచ్చింది. ఇరవై రోజులు సాధన చేసి, తొమ్మిది పాయింట్ల తేడాతో ఓడిపోవాలని లెక్క వేసుకుని కూర్చున్నాడు. అంతా బాగానే నడిచింది. చివర్లో అధికారి గారి చేతిలో పనికిరాని బిళ్లలు పడ్డాయి. ఆయన ఎనిమిది నిమిషాలు ఆలోచించారు. చివరికి వి, ఓ, జె అనే మూడు బిళ్లలు వరసగా పేర్చి, చెయ్యి వెనక్కి తీసుకుని, "వోజ్," అన్నారు.

మూడక్షరాల మాటలన్నీ గుమాస్తాకి కంఠస్థం. అందులో వోజ్ లేదు. గదిలో ఉన్న పదహారు మందికీ కంఠస్థమే కాబట్టి, లేదని పదహారు మందికీ తెలుసు. కారియర్ల దగ్గర నమలడం ఆగింది. అధికారి గారు గుమాస్తాని చూశారు. గుమాస్తా గాజు గుండుని చూశాడు. తర్వాత తన బిళ్ల తీసి నెమ్మదిగా పలక మీద వేశాడు.

మౌనం బాగుండదని హెడ్ గుమాస్తా చేతులు కట్టుకుని, అర్థం కూడా సెలవిస్తే మేమూ నాలుగు ముక్కలు నేర్చుకుంటామన్నాడు. అధికారి గారు కుర్చీలో వెనక్కి వాలారు.

"వోజ్ అంటే, ఒక విషయాన్ని అవుననకుండా, కాదనకుండా, గౌరవంగా నిలిపి ఉంచడం. పాతకాలపు పరిపాలకులు దీన్ని విరివిగా వాడేవారు. ఇప్పటివాళ్లకి అంత చదువెక్కడిది?"

పదహారు మందీ రాసుకున్నారు. సరిగ్గా వోజ్ ఇచ్చిన పదమూడు పాయింట్ల వల్లే అధికారి గారు గెలిచారు. ఆ ఆనందంలో గాజు గుండు పక్కకి జరిపి, దరఖాస్తు బయటికి లాగి, కలం మూత తీశారు. గుమాస్తా గుండె ఒక్కసారి రైలెక్కింది. అధికారి గారు కొత్త మాట మీద మమకారంతో, పై మూలన ముత్యాల్లాంటి అక్షరాలతో 'వోజ్' అని రాసి, కింద సంతకం పెట్టారు.

తర్వాతి చరిత్ర అభివృద్ధి చరిత్ర. వారంలో వోజ్‌కి రబ్బరు ముద్ర తయారైంది. అంతకుముందు ఒక కాగితాన్ని ఆపాలంటే కారణం రాయాల్సి వచ్చేది, ఇప్పుడు ముద్ర చాలు. నెల తిరక్కుండా 'వోజ్ స్థితిలో ఉన్న దస్త్రాల నివేదిక' పై కార్యాలయానికి వెళ్లింది. పై కార్యాలయంలో ఆ మాట ఎవరికీ తెలియదు. తెలియదని చెప్పేవాళ్లు పై కార్యాలయం దాకా వెళ్లరు. కాబట్టి, 'వోజుల సంఖ్య సంతృప్తికరం. ఇతర శాఖలు కూడా అనుసరించవలెను' అని జవాబొచ్చింది. భాషకీ పరిపాలనకీ చేసిన సేవకి గుర్తింపుగా అధికారి గారిని పైకి తీసుకున్నారు. వీడ్కోలు సభలో ఆయన, "నేను మీ అందరితో నిజాయితీగా ఆడాను," అన్నారు. జనం నిజంగానే కళ్లు తుడుచుకున్నారు.

ఒక సాయంత్రం ఆరున్నరకి ఫోనులో నర్సు అడిగింది.

"వోజ్ అంటే ఏంటండీ? ఇవాళ మా దగ్గర ఓ పెద్దాయన మంచం కోసం పెట్టుకున్న కాగితం మీద కొట్టారు. మా పెద్ద నర్సునడిగితే, ఇన్నేళ్ల సర్వీసుండి అదీ తెలీదా అంది. ఆవిడకీ తెలీదు, మొహం చూస్తే తెలుస్తోంది."

గుమాస్తా దాచకుండా మొత్తం చెప్పాడు.

"అయితే దాన్ని పుట్టించింది మీరా?"

"పుట్టించింది ఆయన. పురుడు పోసింది నేను." తర్వాత అడిగాడు, "మరి ఆ పెద్దాయన?"

"మంచం ఇచ్చేశాలెండి. వోజ్ కాగితం మీద కొట్టారు గానీ, మంచం మీద కాదుగా."

ఆ మాటతో ఆయనకి కొంచెం నిద్రపట్టింది. కొంచెమే. పొద్దున్నే తలస్నానం చేసి, కొత్త అధికారిణి గారి గదికి వెళ్లి, వోజ్ అనే మాట ఏ భాషలోనూ లేదని మనవి చేసుకున్నాడు. ఆవిడ నిదానమైన మనిషి, చివరిదాకా విన్నారు. ఆ రోజు ఆటలో అభ్యంతరం చెప్పారా అని అడిగారు. లేదన్నాడు. తర్వాత మీ బిళ్ల వేశారా? వేశాను. "అయితే చెల్లిందండీ," అన్నారావిడ, జాలిగానే.

ఆదివారం రైలు దిగిన భార్యకి ఈ సంగతి చెప్పాడు. ఆవిడ సంచీ కింద పెట్టకుండానే తేల్చేసింది. ఒక మాటతో ఆగిన కాగితం ఇంకో మాటతో కదలాలి, మీరూ ఒకటి పుట్టించండి, అర్థం ఎవరడుగుతారు అంది. ఆయన వల్ల కాదన్నాడు. లేని మాటకి ఒకసారి నోరు మూసుకున్నందుకే ఇంత పాపం మూటగట్టుకున్నాను, ఇంకోటి నా చేత్తో వెయ్యలేనన్నాడు.

"సరే, ఉన్న మాటే వెయ్యండి," అంది భార్య.

సోమవారం ఆయన తన దరఖాస్తు తీసి, పాత అధికారి గారు రాసిన వోజ్ కింద, ఇంగ్లీషులో రెండే అక్షరాలు రాశాడు. జో. ఆ కార్యాలయంలో ఆ ఏడాది ఏ కాగితం మీదైనా రాసిన నిజమైన మాట అదొక్కటే.

అధికారిణి గారు కాగితం చూశారు. ఆయన మొహం చూశారు. మళ్లీ కాగితం చూశారు. అటూ ఇటూ ఎవరైనా గమనిస్తున్నారేమో చూశారు. కళ్లజోడు సర్దుకుని గంభీరంగా తలాడించారు.

"జో కేసని ముందే చెప్పొద్దుటండీ? జో ఉన్నచోట వోజ్ ఎలా నిలుస్తుంది?" అని బదిలీకి సంతకం పెట్టేశారు.

ఇప్పుడా గుమాస్తా భార్య ఉన్న ఊళ్లో హాయిగా ఉన్నాడు. సాయంత్రాలు ఇద్దరూ పలక ముందు కూర్చుంటారు. ఆవిడ ప్రతి మాటకీ అర్థం అడుగుతుంది కాబట్టి ఆట ఎప్పటికీ పూర్తికాదు, ఎవరూ ఓడరు.

జోకి కూడా ముద్ర వచ్చింది. అన్ని శాఖల్లోనూ ఇప్పుడు అదే పద్ధతి, ముందు ఎర్ర సిరాతో వోజ్, తిరగ్గా తిరగ్గా కింద ఆకుపచ్చ సిరాతో జో. పాఠకులు కూడా ఓసారి బీరువా తెరిచి తమ కాగితాలు చూసుకోవడం మంచిది. మూలన ఆకుపచ్చ ముద్ర కనిపించిందా, ఏదో కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి, తేదీతో, సంతకంతో సహా, మిమ్మల్ని తన ప్రియురాలిగా ప్రకటించాడన్నమాట. మీరు దాన్ని రెండు చేతులా అందుకుని, వంగి దణ్ణం పెట్టి వచ్చేశారు. అభ్యంతరం ఉంటే అప్పుడే చెప్పాల్సింది.