జీవరత్నం గారి వాటా

ఆ సోమవారం ఉదయం సుస్మిత వేసుకున్న పథకం చాలా చిన్నది. భోజనాల వేళలోపు రెండు డేటాబేస్‌లను పరీక్షించి, వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, పెదనాన్న చేత సరే అనిపించుకోవాలి.

పెదనాన్న బసవపున్నయ్యకు ఉయ్యూరులో రైస్ మిల్లు, విజయవాడ గవర్నర్‌పేటలో మేడమీద ఒక ఆఫీసు ఉన్నాయి. మిల్లు మీద వచ్చిందంతా ఇన్నాళ్ళూ పొలాల మీదే పెట్టాడు. ఇకమీదట డెల్టాలో ఎదుగుతున్న చిన్న కంపెనీల్లో పెడదామని ఆయన్ను ఒప్పించడానికి సుస్మితకు ఏడాది పట్టింది. స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీల సంగతులు అందరికీ దొరుకుతాయి, ప్రైవేటు కంపెనీలవి అలా దొరకవు, వాటిని సేకరించి పెట్టే డేటాబేస్‌కు చందా కట్టాలి అని ఆమె చెబితే ఆయనకు నచ్చలేదు.

"కంపెనీ సంగతి తెలియాలంటే వాళ్ళ డ్రైవర్‌తో ఓ టీ తాగితే చాలదా అమ్మాయ్?"

"ఎంతమంది డ్రైవర్లతో తాగుతారు పెదనాన్నా?"

"సరే, కానీ. ఇది తేడా కొట్టిందంటే మాత్రం మళ్ళీ పొలాలే" అన్నాడాయన.

సుస్మిత ఎంచుకున్న రెండు డేటాబేస్‌లలో ఒకదాని పేరు 'సకలం', రెండోదాని పేరు 'ఆనవాలు'. రెండూ కొద్దిరోజులు ఉచితంగా వాడి చూసుకోనిస్తాయి. తమకు బాగా తెలిసిన కంపెనీ పేరు కొట్టి చూస్తే ఎవరెంత నిజం చెబుతున్నారో తేలిపోతుందని ఆమె ఉద్దేశం. అందుకు ఇద్దరూ కలిసి జీవరత్నం మెరైన్స్‌ను ఎంచుకున్నారు. కైకలూరులో ఒక ఐస్ ఫ్యాక్టరీ, రొయ్యలూ చేపలూ ప్యాక్ చేసే ఒక షెడ్డూ కలిపి ఆ కంపెనీ. యజమాని జీవరత్నం కొల్లేటి మీద చేపలు పట్టిన ఇంట్లో పుట్టి, సొంత కష్టంతో పైకొచ్చిన మనిషి. బసవపున్నయ్యకు పాత స్నేహితుడు.

'సకలం'లో పేరు కొట్టగానే తెర నిండా సమాచారం వచ్చింది. అందులో జీవరత్నం మెరైన్స్ రత్నాలు, ఆభరణాల వ్యాపారం చేస్తున్నట్టుగా ఉంది. 'ఆనవాలు'లో చిరునామా, డైరెక్టర్ల పేర్లు సరిగ్గా ఉన్నాయి. మిగిలిన గడులన్నింటిలో 'సమాచారం లేదు' అని ఉంది.

"ఒకడేమో రొయ్యల్ని రత్నాలంటన్నాడు. ఇంకోడు అసలేం తెలీదంటన్నాడు" అన్నాడు బసవపున్నయ్య. "తెలీదని చెప్పడానికి చందా ఎందుకు?"

సుస్మిత పట్టు వదలలేదు. తప్పు చెబితే ఎంత త్వరగా దిద్దుకుంటారో కూడా చూడాలని, అది రత్నాల కంపెనీ కాదు, చేపల కంపెనీ అని 'సకలం' వాళ్ళకు రాసింది. వాళ్ళు సంప్రదించాల్సిన నంబరు అడిగితే, కొనమని వెంటపడే ఫోన్లు ఆఫీసుకు రావడం ఇష్టంలేని పెదనాన్న, ఇంటి నంబరు ఇవ్వమన్నాడు. ఇచ్చింది.

'సకలం' తరఫున చక్రి అనే కొత్త ఉద్యోగి వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేశాడు. ఒక పెట్టుబడుల ఆఫీసు ఒక చేపల కంపెనీ గురించి ఇంత పట్టించుకుంటోందంటే లోపల ఏదో ఉండే ఉంటుందని అతనికి తోచింది. ఇంట్లో ఫోన్ ఎత్తింది బసవపున్నయ్య భార్య పద్మావతమ్మ. ఆవిడ పొయ్యి మీద పులుసు పెట్టి ఉంది.

"జీవరత్నం గారి గురించి చిన్న వివరం కావాలండి. మీ కుటుంబం ఆయన దగ్గర వాటా తీసుకుంటోందా అండి?"

ఆదివారం ఆదివారం జీవరత్నం పంపే రొయ్యల గురించి అడుగుతున్నాడనుకుంది పద్మావతమ్మ. "తీసుకుంటాం బాబూ. ఎప్పట్నుంచో ఉన్నదేగా."

"ఎంత వాటా అండి?"

"సగం మాకు, సగం మా తోడికోడలికి."

"మరి ఆయనకి ఏం మిగలదాండి?"

"ఏం మిగుల్తుంది? మొహమాటస్తుడు. అడక్కముందే పంపించేస్తాడు."

"తీసుకునే ముందు అన్నీ పరిశీలిస్తారాండి?"

"వాసన చూడందే గుమ్మం దాటనివ్వను. ఈమధ్య పెద్ద తలకాయలన్నీ అక్కడే తీయించెయ్యమని కూడా చెప్పాను. ఇక్కడికొచ్చాక ఆ పని ఎవరు చేస్తారు చెప్పు?"

ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఇంత పెద్ద వార్త దొరుకుతుందని చక్రి కలలో కూడా అనుకోలేదు. ఆవిడకు పదేపదే దండాలు పెట్టి ఫోన్ పెట్టేశాడు.

సుస్మిత భోజనం డబ్బా మూత తీసేసరికి ఆమె ఫోన్‌లో 'సకలం' వార్త మెరిసింది. 'జీవరత్నం మెరైన్స్‌లో పూర్తి వాటా విజయవాడ కుటుంబం చేతికి. కంపెనీలో పెద్ద తలకాయల తొలగింపు.' ఆ వార్త 'సకలం' చందాదారులందరికీ వెళ్ళింది. వాళ్ళలో భీమవరం ఎగుమతిదారులున్నారు, బ్యాంకుల వాళ్ళున్నారు.

ఆమె ఇంటికి ఫోన్ చేసి పెద్దమ్మ చెప్పిందంతా విన్నది. విన్నాక డబ్బా మూత మళ్ళీ పెట్టేసింది. 'ఇది పొరపాటు. వాటా అంటే కంపెనీలో వాటా కాదు, రొయ్యలు' అని చకచకా రాసి పంపింది. జవాబు రాలేదు గానీ రెండో వార్త వచ్చింది. 'చెల్లింపు నగదులో కాదు, రొయ్యల్లో.'

ఈలోగా ఆ వార్త భీమవరం మీదుగా కైకలూరు చేరి, అక్కడ పరిస్థితి చెయ్యి దాటింది. జీవరత్నం బావమరిది బంగార్రాజు అక్కడ మేనేజరు. షెడ్డు మొత్తానికి పెద్ద తలకాయ అనదగ్గవాడు తనొక్కడే కాబట్టి తీసేసింది తననేనని అతనికి అర్థమైంది. ఐస్ ఫ్యాక్టరీకి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, గేటు ముందు కుర్చీ వేసుకు కూర్చున్నాడు. సరుకు ఎక్కించుకోవాల్సిన లారీ రోడ్డు మీదే ఆగిపోయింది.

సాయంత్రం జీవరత్నం గవర్నర్‌పేట ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. సుస్మిత లేచి నిలబడింది. ఏడాది కష్టం పోయినా ఫరవాలేదు, ఈ స్నేహం పోతే పెదనాన్న ముఖం ఎలా చూడాలా అన్నదే ఆమె భయం.

"కొనాలనుకుంటే నన్నే అడగొచ్చు గదండీ బసవపున్నయ్య గారూ" అన్నాడు జీవరత్నం. "భీమవరం నుంచి ఎవరో ఫోన్ చేసి చెబితే తెలుసుకోవాల్సొచ్చింది."

"నేనేం కొనలేదండీ రత్నం గారూ. అంతా పొరపాటు."

"కొనలేదా?"

ఆ మాటలో కోపం కంటే నిరాశ ఎక్కువగా వినబడింది. బసవపున్నయ్య తలెత్తి చూశాడు. జీవరత్నం కుర్చీలో కూలబడి నెమ్మదిగా చెప్పాడు. "సరుకు గడ్డకట్టించే మిషను పెట్టాలని రెండేళ్ళుగా అనుకుంటన్నానండి. అది లేకే పెద్ద ఆర్డర్లన్నీ పోతన్నాయి. ఒక్కడి వల్ల అయ్యేది కాదు. మిమ్మల్ని అడుగుదామని ఎన్నోసార్లొచ్చాను. కాఫీ తాగి వెళ్ళిపోయాను. స్నేహాన్ని వాడుకున్నట్టు ఉంటుందని."

"ఎంత పని చేశారండీ" అన్నాడు బసవపున్నయ్య. "వాటా ఇస్తారా అని అడుగుదామని నేనూ నోటిదాకా తెచ్చుకున్నాను. మీ కష్టంలో చెయ్యి పెట్టినట్టుంటుందని ఊరుకున్నా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. సుస్మిత వెంటనే కారు తాళాలు అందుకుంది, ఎందుకంటే కైకలూరులో లారీ ఇంకా రోడ్డు మీదే ఉంది. దారిలో పద్మావతమ్మను కూడా ఎక్కించుకున్నారు.

గేటు దగ్గర బంగార్రాజు కుర్చీలోంచి లేవలేదు. "నా తలకాయ తీయించేశారంట గదండీ" అన్నాడు.

"నేను చెప్పింది రొయ్యల తలకాయలు నాయనా" అంది పద్మావతమ్మ. "నువ్వు పంపేవే. బాగుంటున్నాయి కూడాను."

చివరి మాటకు బంగార్రాజు మెత్తబడ్డాడు. లేచి తాళం తీశాడు. లారీ లోపలికెళ్ళాక సుస్మిత షెడ్డంతా తిరిగింది. కరెంటు ఎప్పుడు పోతుంది, నీళ్ళు ఎక్కడివి, ఏ ఆర్డర్లు ఎందుకు పోయాయి, అన్నీ అడిగింది. బంగార్రాజు చెప్పగలిగినవి చెప్పాడు, తెలియనివి బావనడిగి చెప్పాడు.

"పెదనాన్నా, మనం 'ఆనవాలు' తీసుకుందాం" అంది బయటికొచ్చాక.

"ఆ తెలీదన్నవాళ్ళనా?"

"తెలీదని రాశారనుకోండి, మనం బయల్దేరొచ్చి చూసుకుంటాం. అన్నీ తెలుసని రాస్తే ఇంట్లో కూర్చుని నమ్మేస్తాం."

బసవపున్నయ్య షెడ్డు వైపు చూశాడు. లోపల ఐస్ ముక్కలు చేసే మిల్లు మళ్ళీ తిరుగుతోంది. "సరే, కట్టెయ్" అన్నాడు.

కాగితాలు చూసుకోవడానికీ లాయర్లు మాట్లాడుకోవడానికీ కొన్ని వారాలు పట్టింది. తర్వాత బసవపున్నయ్యకు జీవరత్నం మెరైన్స్‌లో చిన్న వాటా నిజంగానే దక్కింది. గడ్డకట్టించే మిషనుకు ఆర్డరిచ్చారు. చక్రి స్వయంగా ఇంటికి వచ్చి క్షమాపణ చెప్పుకుంటే, పద్మావతమ్మ అతన్ని భోజనం పెట్టకుండా పంపలేదు. సుస్మిత అప్పటికే మరో మూడు కంపెనీలు చూడడానికి బయల్దేరింది.

చందా కట్టిన మర్నాడు బసవపున్నయ్య ఆఫీసులో ఎవరూ లేనప్పుడు 'ఆనవాలు'లో తన రైస్ మిల్లు పేరు కొట్టి చూశాడు. ఆరేళ్ళుగా ఖాళీగా పడి ఉన్న గోడౌన్‌తో సహా అన్నీ సరిగ్గా ఉన్నాయి. ప్రైవేటు కంపెనీల సంగతులు ఇలా బయటపెట్టడం అంత మంచిది కాదని ఆయనకు ఆ పూటే అనిపించింది.