గంజిలో పోయిన చేపలు

అరవై మూడో సంవత్సరం. ఆ బుధవారం పొద్దున అనుకున్న పని చిన్నదే. ముత్తుకూరు చర్చి తెరకు నీలం వేసి ఆదివారానికి ఇవ్వాలి.

వేయాల్సింది హుస్సేన్ సాహెబు. కొట్లలో పొడి రంగులు వచ్చాక ఆయన నీలిమందు బానను అడిగేవాళ్లు లేరు. ఆ కంపు భరించలేని భార్య జాన్‌బీ, ఈ తెర కుదరకపోతే నీలం పారబోసి బానలో మేకలకు కుడితి పెడతానంది. ఇంటిల్లిపాదికీ ముప్పై ఏళ్లు ఆ బానే అన్నం పెట్టింది.

పని నేర్పేది కరుణాకుమారి టీచరు. భర్త నైజీరియాలో పంతులుగా ఉన్న ఐదేళ్లూ అక్కడి యొరూబా తెగ ఆడవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకుంది. కర్రపెండలం పిండిని గంజిలా కాచి, కోడి ఈకతో గుడ్డ మీద బొమ్మ గీయాలి. ఆరాక నీలంలో ముంచాలి. గంజి ఉన్నచోట రంగు ఎక్కదు. గీకేస్తే తెల్ల బొమ్మ మిగులుతుంది. టీచరు ఇరవై చేపలు గీసి, తెరను దండెం మీద ఆరేసి, సాయంత్రం వస్తానని బడికి పోయింది. సాహెబు పెరట్లో నీలం పులిసేందుకు బానకు బెల్లం, సున్నం పెడుతున్నాడు.

అంతలో బట్టలుతికే కామమ్మ వచ్చింది. గుడ్డ మీద మరకలు మరకలుగా గంజి. పక్కనే కుండ నిండా గంజి. పోయిన వానల్లో తన గుడిసె కూలితే మళ్లీ వేసుకునేదాకా చోటిచ్చిన ఇల్లిది. ఆ మేలు తలచుకుని కామమ్మ తెరను కుండలో ముంచి, రెండు వైపులా నున్నగా పట్టించి, ఎండబెట్టి, గట్టిగా మడతలు పెట్టి పోయింది.

చూపు ఆనని సాహెబు మడతలు విప్పి, నాలుగుసార్లు నీలంలో ముంచి ఆరేశాడు. సాయంత్రం టీచరు వచ్చి గీకితే నీలమంతా పెచ్చులుగా రాలింది. కింద తెల్ల గుడ్డ. చేపలు లేవు. తప్పు తన గంజిదని టీచరు, కాదు తన బానదేనని సాహెబు. ఆ ఒక్కదాని మీదే ఇద్దరికీ వాదన.

"బానకు పానం పోయింది. ఇంక వదిలేయండి" అని జాన్‌బీ బాన అంచు పట్టింది.

అప్పుడే కామమ్మ వాకిట్లోకి వచ్చింది.

"గంజి బాగా పట్టిందా సాయిబూ? ఎవరో చేతగానోళ్లు అక్కడక్కడా పూసిపోయినారు. నేనే సరిచేసినాను."

టీచరు తెరను ఎండకు పట్టి చూసింది. మడతల్లో గంజి చిట్లిన చోటల్లా సన్నటి నీలి గీతలు. తెర నిండా వల పరిచినట్టుంది.

ఆదివారం దాన్నే కట్టారు. సంఘపెద్ద అబ్రహాము సముద్రం మీద బతికినవాడు. చాలాసేపు చూశాడు.

"వల బాగుంది. చేపలేవీ?" అన్నారు వెనక ఎవరో.

"మనం గాదా" అన్నాడు అబ్రహాము.

వారం తిరగకముందే కావలి చర్చి వాళ్లు అలాంటిదే కావాలన్నారు. జాన్‌బీ మేకలకు వేరే కుండ కొంది. సాహెబు కామమ్మ గుడిసెకు పోయి, "నా బానను నిలబెట్టినావు తల్లీ" అని చేతులు జోడించాడు. టీచరు కూడా వెళ్లి, ఆ మడత ఎలా పెట్టావో చూపించమని పక్కన కూర్చుంది.

ఇంత వయసొచ్చినా వాళ్లిద్దరికీ గంజి పెట్టడం రాదని కామమ్మ ఇప్పటికీ జాలిపడుతుంది.