బాలకిష్టయ్య పౌర సంబంధాలు

తొంభై ఒకటిల బాలకిష్టయ్యకు నలభై ఏండ్లు నిండినయి, డిగ్రీ మీద మనసు పుట్టింది. గద్వాలల ఒక చీరెల సంఘంల గుమాస్తా పని ఆయనది. ఒకనాడు పేపర్ల ప్రకటన చూసిండు. పాఠాలు పోస్టుల వస్తయట, ఆదివారాలు వనపర్తిల క్లాసులట, మూడేండ్లల్ల బి.ఏ. చేతికి వస్తదట. సబ్జెక్టు పౌర సంబంధాలు. ఇగ మీదట ప్రతి ఆఫీసుల పీఆర్వో ఉంటడు, జీపుల తిరుగుతడు అని ఎవరో చెప్పిండ్రు కూడ.

ఆయన భార్య తిరుపతమ్మ మగ్గం గుంటల కూసొని నేస్తుంది. సంగతి విని అటిటు ఉరికే నాడె ఆపలేదు.

"సంబంధాలా? ఎవరికి?"

"పౌరులకు."

"నీ తమ్మునికి ఆరేండ్ల సంది ఒక్కటి చూడలే. పౌరులకు చూస్తవా?"

పెండ్లి సంబంధాలు కావని, జనంల మంచి పేరు వచ్చేటట్టు చేసే విద్య అని ఆయన ఓపికగ వివరించిండు. అంటే లేనిది ఉన్నట్టు చెప్పుడన్నట్టు అన్నది ఆమె. ఉన్నది మంచిగ చెప్పుడు అన్నడు ఈయన. ఉన్నది చెప్పనీకి మూడేండ్లెందుకని ఆమె అడిగింది.

చదివిన పాఠమల్లా ముందు ఇంట్లనే పరీక్ష చేసిండు. ఒకసారి కిరోసిన్ తెచ్చుడు మర్చిపోయి, గోడ మీద సుద్దముక్కతోని రాసిండు: అనివార్య కారణాల వల్ల కిరోసిన్ రేపటికి వాయిదా. ఆమె దాని కింద రాసింది: అన్నం కూడ.

ఆఖరి పరీక్షలు రాసి వచ్చిననాడు ఆయన కాలు నేల మీద నిలువలేదు. వీపనగండ్ల పిల్లగాడు మల్లేశం తన ఎనక బెంచీల కూసొని తాను రాసిందంతా అక్షరం పోకుండ ఎక్కించుకున్నడని మురుసుకుంట భార్యకు చెప్పిండు. ఫలితాలు రాకముందే 'పౌర సంబంధాలు' అని బోర్డు రాయించి ఇంటి ముందల కొట్టిండు. పెయింటరు జాగ చూసుకోక 'పౌర'ను మూలకు ఇరికించి, 'సంబంధాలు' మాత్రం బారెడు రాసిండు.

ఫలితాలు వనపర్తిల గోడకు అంటించిండ్రు. బాలకిష్టయ్య నంబరు లేదు. పక్కపొంటి నిలబడ్డ మల్లేశంది కూడ లేదు.

"సారూ, మీరు తప్పుతరని తెలిస్తే ఇంకొకని ఎనక కూసుంటుంటి," అన్నడు మల్లేశం, ఏడుపు మొకంతోని.

ఇద్దరు చాయ తాగి, ఒకని సంగతి ఒకడు ఎన్నడూ చెప్పొద్దని చేతిల చెయ్యేసుకున్నరు. బాలకిష్టయ్య గద్వాలల బస్సు దిగి, కిలో లడ్డూలు కొని వాడకట్టంత పంచిండు. పాసైన అని నోటితోని అనలేదు. ఫలితాలొచ్చినయి అన్నడు, లడ్డూ చేతుల పెట్టిండు. మిగిలింది జనమే అనుకున్నరు. మూడేండ్ల చదువుల ఆయనకు పట్టుబడ్డది అదొక్కటే. తిరుపతమ్మ లడ్డూ తిని, ఏ క్లాసు అని కూడ అడగలేదు.

ఆరు నెలలైంది. ఒక ఆదివారం మల్దకల్ నుంచి రామన్న అనే రైతు వచ్చిండు. సంతకు వచ్చినప్పుడు బోర్డు మీద 'సంబంధాలు' చూసి గుర్తు పెట్టుకున్నడట. నీళ్లు తాగి, తువ్వాలతోని మొకం తుడుసుకొని తన బాధ చెప్పుకున్నడు. బిడ్డ కమల ఇంటరు పాసైంది. డిగ్రీ చదివినోన్నే చేసుకుంట, ఆయన నన్ను కూడ చదివియ్యాలె అంటది. వీపనగండ్ల నుంచి ఒక పిల్లగాడు కుదిరిండు, పేరు మల్లేశం, బి.ఏ. పాసని చెప్తుండ్రు. అదీ సారు చదివిన చదువేనని వాడకట్టోళ్లు చెప్పిండ్రట. నిజంగ పాసైండా అని తెలుసుకుందామని వచ్చిండు.

బాలకిష్టయ్య మనసుల లెక్కేసుకున్నడు. వాడు తప్పిండంటే, వాని నోట తన సంగతి బయటికొస్తది. పాసైండంటే, ఒక ఆడపిల్ల బతుకు.

"పిల్లగాడు చానా కష్టపడ్డడు," అన్నడు.

"పాసైండా సారూ?"

"ఒక్క క్లాసు తప్పలేదు."

"అదిగాదు సారూ. పాసైండా?"

లోపల మగ్గం చప్పుడు ఆగింది.

"అన్నా," అన్నది తిరుపతమ్మ గుంటలకెల్లే, "మా ఆయన ముందల, ఆ పిల్లగాడు ఎనక. ఈయన రాసిందే ఆ పిల్లగాడు రాసిండు. ఈయన పాసైతే వాడు పాసైనట్టే. ఈయన బోర్డు చూస్తివి గద, ఇగ పిల్లనియ్యి."

రామన్న మొకం ఎలిగింది. మీ ఇంటి మాట చాలని రెండు చేతులు జోడించి, రేపే పోయి లగ్గం మాట్లాడుకుంట అని చెప్పుల దిక్కు నడిచిండు. ఒక చెప్పు తొడిగిండు కూడ.

"రామన్నా, నేను తప్పిన."

మొదటిసారి ఇది బాలకిష్టయ్య పెదవులు దాటలేదు. ఏందన్నరు అని రామన్న చెవొగ్గిండు. రెండోసారి గొంతు అనుకున్నదానికన్న పెద్దగ వచ్చింది. బజారు నల్ల కాడ బిందెలు పట్టుకున్న ఆడోళ్లందరు ఇటు తిరిగిండ్రు. మల్లేశం సంగతి ఆయన ఒక్క మాట అనలేదు. అనే అవసరమే పడలేదు.

తిరుపతమ్మ గుంటలకెల్లి లేచొచ్చి, పెట్టెలకెల్లి మార్కుల కాయితం తెచ్చి మొగని ముందల పెట్టింది. ఆయన అది ఎన్నడూ చూడలేదు. లడ్డూలు పంచిన మరుసటి వారమే పోస్టుల వచ్చిందట.

"తెలిసి ఎందుకు అడగలే?" అన్నడు, తల ఎత్తకుండనే.

"నువ్వు చెప్తవని చూసిన."

అప్పుడు ఆయనకు యాదికొచ్చింది. ఆరు నెలల సంది ప్రతి శుక్రవారం ఆమె ఆ బోర్డు తడిబట్టతోని తుడిచి బొట్టు పెట్టింది. తెలిసే పెట్టింది. తిట్టినా ఇంత సిగ్గు కాకపోతుండె. ఆయన స్టూలు ఎక్కి బోర్డు దించిండు. మేకులు ఊడదీస్తుంటే ఒక్కరు కూడ పట్టుకోనీకి రాలేదు.

రామన్న నవ్వలేదు. తొడిగిన చెప్పు ఇడిసి మళ్ల వచ్చి కూసున్నడు. మీ ఇజ్జత్ పోగొట్టుకొని నా బిడ్డను కాపాడిండ్రు, ఇంకో సంబంధం మీరే చూడాలె అని పట్టుబట్టిండు. తాను చదివింది ఆ సంబంధాలు కావని బాలకిష్టయ్య మొత్తుకున్నడు.

"చూస్తడన్నా," అన్నది తిరుపతమ్మ. "మళ్ల ఆదివారం రా."

రామన్న మల్దకల్ పోయి, గద్వాలల ఒక మనిషి ఉన్నడు, తన తప్పే దాచుకోలేదు, ఇంక మన సంబంధాల కాడ ఏం దాస్తడు అని కనిపించినోనికల్లా చెప్పిండు. మళ్ల ఆదివారం బాలకిష్టయ్య మొకానికి సబ్బు రాసుకొని గడ్డం గీసుకుంటుంటే, బజార్ల ఎవరో ముసలమ్మ గొంతు వినొచ్చింది. ఎనక ఇంకా నలుగురి మాటలు.

"తప్పిన సారు ఇల్లు ఏదమ్మా?"

బాలకిష్టయ్య సబ్బు మొకంతోనే తలుపు ఎనకకు పోయిండు.

"ఇదేనమ్మా," అన్నది తిరుపతమ్మ. "తలుపు ఎనకాలనే ఉన్నడు, రా."