ఇరవై రెండో క్రోమోజోముకు జరిగిన అన్యాయం

"ప్రపంచంలో ఏ మంత్రీ చేయని పని శుక్రవారం నేను కర్నూల్లో చేయబోతాండా" అని మన శాస్త్ర సాంకేతిక మంత్రి రాఘవేంద్రప్రసాద్ గారు ప్రకటించారు. ఏం పని సార్ అని విలేకరులు అడిగితే, అది తనకూ శుక్రవారమే తెలుస్తుందన్నారు. ఇంత నిజాయతీ గల నాయకుణ్ణి నేను చూడలేదు. ఏళ్ల తరబడి ఆయన సభలకు శామియానాలు వేస్తున్నవాణ్ణి కాబట్టి ఈ మాట అనే అర్హత నాకుంది.

ఆ పని నిజానికి హిమబిందు గారిది. ఆమె ప్రభుత్వ ల్యాబులో సైంటిస్టు. స్టేజీ కొలతలకు వెళ్లినప్పుడు నాకు ఓపిగ్గా చెప్పారు. మన కణాల్లో తొమ్మిదో క్రోమోజోము ముక్కా, ఇరవై రెండోదాని ముక్కా తెగి, ఒకదాని చోట ఒకటి అతుక్కుంటే ఒక రకం రక్త క్యాన్సర్ మొదలవుతుందట. రోగి ఆస్పత్రికి వచ్చేసరికి ఆ మొదలు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అందుకని ఈమె మంచి కణాలు తీసుకుని, న్యూక్లియేజ్ అనే ఎంజైముతో ఆ రెండు చోట్లా తెంపి, ముక్కలు తారుమారుగా అతుక్కునేట్టు చేసి, మొదటి నుంచీ గమనిస్తారట.

"కణాలిచ్చే దాతల కోసం శానా తిరిగినానన్నా. ఈ వారం దాటితే ఇవి బతకవు" అన్నారు.

శుక్రవారం ప్రయోగం ప్రారంభ సభలో ఆమె ఇదే చెప్పారు. మంత్రిగారు చప్పట్లు కొట్టబోతుండగా, నందికొట్కూరు నాయకుడు వీరభద్ర ముందు వరసలోంచి లేచాడు.

"ఒక డౌటు మేడం. ఆ రెండిట్లో ఏది చిన్నది?"

"ఇరవై రెండోది."

"దాని నుంచి పోయే ముక్క?"

"పెద్దది. దానికి వచ్చేది చిన్న ముక్క."

వీరభద్ర జనం వైపు తిరిగాడు. "అంటే ఈడ కూడా వెనకబడినోనికే అన్యాయమన్నమాట" అన్నాడు. సభ సభంతా లేచి నిలబడింది. మంత్రిగారు ప్రయోగం వాయిదా వేసి, నీళ్లు తాగి వెళ్లిపోయారు.

మరుసటి రోజే ఇరవై రెండో క్రోమోజోము పరిరక్షణ సమితి ఏర్పడింది. ల్యాబు గేటు ముందు రిలే నిరాహార దీక్షలు. కార్యకర్తలు ఇంట్లో టిఫిన్ చేసొచ్చి దీక్షలో కూర్చునేవారు, భోజనాల వేళకు ఇంకో బ్యాచ్ వచ్చేది. లాయర్లు విధులు బహిష్కరించారు. మహానందిలో అభిషేకాలు చేయించారు. తొమ్మిది నవగ్రహాల సంఖ్య, దాని జోలికొస్తే ఊరుకోమని వర్తక సంఘం ఎదురుగా ఇంకో దీక్ష పెట్టింది. రెండు శామియానాలూ నావే.

మంత్రిగారు హిమబిందు గారిని పిలిపించారు. కుర్చీలు సర్దుతూ నేనూ అక్కడే ఉన్నాను.

"తెంపమ్మా, నేను వద్దనలేదు. యాడిది ఆడ్నే అతికించు."

"అట్లయితే చూసేదానికి ఏమీ ఉండదు సార్."

"చూడకపోతే గొడవా ఉండదు గదా. సరే, నెల దినాలు ప్రజల అభ్యంతరాలు తీసుకుందాం."

"కణాలు అన్ని దినాలు ఆగవు సార్."

"ప్రజలు అయిదేండ్లు ఆగుతాండారు తల్లీ. నీ కణాలకు నెల ఆగేదానికేం?"

ఇంత సూక్ష్మమైన విషయంలోనూ ప్రజాస్వామ్యాన్ని మరవని మనిషి.

కణాలకు మాత్రం ఆ సంస్కారం లేకపోయింది. వారం తిరక్కుండానే అన్నీ చచ్చిపోయాయి. మంత్రిగారు వెంటనే ప్రెస్‌మీట్ పెట్టి, "నా హయాంలో ఏ క్రోమోజోముదీ ఒక్క ముక్క కూడా పోనీయలేదు" అన్నారు. సమితీ, వర్తక సంఘమూ కలిసి ఆయన ఫ్లెక్సీకి పాలాభిషేకం చేశాయి. శామియానా విప్పుకోవడానికి వెళ్తే హిమబిందు గారు లోపల కణాలుంచిన ప్లేట్లు కడుగుతున్నారు. అయ్యో మేడం అన్నాను.

"పోనీలేన్నా, మళ్లీ దాతల్ని వెతుకుతా" అన్నారు, నన్నే ఓదారుస్తున్నట్టు.

అప్పుడే మంత్రిగారి పీఏ బసవరాజ్ వచ్చాడు.

"మిమ్మల్ని రాయచోటికి ఏసినారు మేడం, గొర్రెల మందుల గోడౌనుకు. ఆడుండే స్టోర్స్ ఆఫీసరు మీ సీట్లోకొస్తాడు."

ఆమె చేతులు తుడుచుకున్నారు. "నాకు అభ్యంతరం ఉండాది. ఎవరికి చెప్పుకోవాల?"

బసవరాజ్ గడియారం చూసుకున్నాడు.

"సాయంత్రం లోపల జాయిన్ కావాల మేడం. బస్సుకు టైమైతాంది."