ఫ్లైవీల్ రింగూ, కామరాజు కాఫీ

ఆ పొద్దున్న ట్రాక్టరును తాళం తిప్పి స్టార్టు చేయాలని, అదీ పక్కింటి కామరాజు చూస్తుండగా చేయాలని అబ్బాయిరాజు నిశ్చయించుకున్నాడు.

పెదపాడులో ఆయన పాత ట్రాక్టరు తోస్తే తప్ప కదిలేది కాదు. ఇంజను వెనకుండే ఫ్లైవీల్ చక్రం చుట్టూ ఉండే రింగుకు ఒకచోట పళ్లు అరిగిపోయాయి. ఇంజను ఎప్పుడు ఆపినా అక్కడికే వచ్చి ఆగేది. స్టార్టరు పట్టుకుందామంటే పన్ను దొరికేది కాదు. అందుకని రాత్రే రెండో గేరులో ఉంచిన బండిని, పొద్దున్నే ఏటవాలు వాకిట్లో కామరాజు తోస్తే, అబ్బాయిరాజు క్లచ్ వదిలేవాడు. తరవాత కామరాజు అరుగు మీద కూర్చుని కాఫీ తాగేవాడు.

అసలు మంట ఆ కాఫీ దగ్గరే.

"అక్కయ్యగారూ, ఇలాంటి కాఫీ ఏలూరులో కూడా దొరకదండి" అనేవాడు. అబ్బాయిరాజు భార్య నాగరత్నం మురిసిపోయి ఇంకో అరగ్లాసు పోసేది. "కొత్త ట్రాక్టరున్నా ఆయనకి గర్వం లేదండి. మనిషంటే అలా ఉండాలి" అని మొగుడికి చెప్పేది. పెళ్లయిన ఇన్నేళ్లలో తన గురించి అలాంటి మాట ఒక్కటీ అనలేదని అబ్బాయిరాజు ఉడికిపోయేవాడు. తన గ్లాసులో పాలు కూడా తక్కువేనని ఆయన అనుమానం.

చివరికి తాడేపల్లిగూడెం నుంచి ఎలీయాజరు మేస్త్రిని పిలిపించాడు. అతను బండిని రెండు ముక్కలుగా విడదీసి, రింగును కాల్చి ఊడదీసి, అరిగిన పళ్లు పక్కకు పోయేలా తిప్పి ఎక్కించాడు. తాళంతో స్టార్టు చేసి చూపించి, న్యూట్రల్‌లో ఉంచి వెళ్లాడు. పడుకోబోయే ముందు అబ్బాయిరాజు అలవాటు కొద్దీ రెండో గేరు వేసేశాడు.

తెల్లారి కామరాజు చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు. "తోద్దామా బావగారూ?"

"అక్కర్లేదండి. మీరలా కూర్చుని చూడండి. ఇవాళ్టి నుంచి మీకు ఈ శ్రమ లేదు."

నాగరత్నాన్ని కూడా పిలిచి, సీటెక్కే పనైనా లేదన్నట్టు కింద నిలబడే తాళం తిప్పాడు.

రింగు చక్కగా అందుకుంది. గేరులో ఉన్న ట్రాక్టరు ఒక్క గెంతు గెంతి, యజమానిని వదిలేసి బయల్దేరింది. దండెం మీది కొత్త చీరను మెడలో వేసుకుంది. కాఫీ గ్లాసులున్న స్టూలును తన్నేసింది. కంచె పడగొట్టి, కామరాజు చేపల చెరువులోకి దిగిపోయింది.

"ఏవండీ, అందులో ఎవరున్నారండీ?" అంది నాగరత్నం.

అబ్బాయిరాజు చెరువు గట్టుకు పరుగెత్తాడు.

కామరాజు కొత్త ట్రాక్టరు తెచ్చి, గొలుసు కట్టి బయటికి లాగాడు. "స్టార్టరు నిండా బురదేనండి. కొన్నాళ్లు తోసుకోవాల్సిందే" అని, గొంతు తగ్గించాడు. "నిజం చెప్పాలంటే, మీరంటే నాకు కుళ్లండి. 'అబ్బాయిరాజుగారు పాత బండినైనా ఎలాగోలా లేపి నడుపుకుంటారు, మీకు తాళం తిప్పడం తప్ప ఏం వచ్చు' అని మా ఆవిడ సరళ రోజూ దెప్పుతుంది. ఆ దెప్పు వినలేకే ఇక్కడికొచ్చి కాఫీ తాగుతున్నాను."

అబ్బాయిరాజు ప్రాణం లేచొచ్చింది. "ఆ ముక్క మా ఆవిడకి వినబడేలా ఇంకోసారి చెప్పండి."

చెప్పాడు. నాగరత్నం బురద చీర పిండుతూ విని, "అయ్యో పాపం, కామరాజుగారూ" అంది.

మర్నాటి నుంచి కామరాజుకు కాఫీతో పాటు ఉప్మా కూడా పెట్టసాగింది.