ఆరు టన్నుల చెట్టు, ఒక పెన్సిలు గీత

చెట్లకు కాళ్లు లేకపోవడం సృష్టిలో లోపమని నేను అనను. ఐదు పూటలా నమాజు చేసుకునేవాణ్ణి, అంత మాట నా నోట రాదు. కానీ ఆ కొరత తీర్చడానికి మా మునిసిపాలిటీ నడుం కడితే మెచ్చుకోకుండా ఎలా ఉండగలను?

చెట్లను తరలించే యంత్రం మా ఊరికి వచ్చింది. దాని అందమే అందం! మనిషి ఎత్తున్న నాలుగు ఉక్కు పారలు చెట్టు చుట్టూ చేరతాయి. ఒక్కొక్కటే నేలలోకి దిగి వేర్ల కింద కలుసుకుంటాయి. ఆ పైన చెట్టు తన మట్టిముద్దతో సహా, గిన్నెలోంచి గరిటెతో తీసిన హల్వాలా పైకి లేస్తుంది.

ఇంతకుముందు రోడ్డుకు అడ్డొచ్చిన చెట్టును గొడ్డలితో నరికేవారు. చూసినవాళ్లు ఏడ్చేవారు, తిట్టేవారు. ఇప్పుడు ఆ బాధ లేదు. చెట్టుకు నంబరు వేస్తారు. దానికి బదిలీ అయిందంటారు. బదిలీ అయిన గుమస్తాను చూసి ఎవరైనా ఏడుస్తారా?

మా ఖర్జూర తోటల గుండా కొత్త రోడ్డు పడింది. ఇంజనీరు ఖల్ఫాన్ గీసిన గీత స్కేలంత తిన్నగా ఉంటుంది. ఒక పెద్దమనిషి ప్రహరీ గోడ దగ్గర మాత్రం మర్యాదగా కాస్త వంగి, సలాం చేసి, మళ్లీ తిన్నగా సాగుతుంది. గోడకు కాళ్లు లేవు కదా! నలభై ఏడో నంబరు చెట్టు దగ్గర మాత్రం వంగలేదు. చెట్టుకు యంత్రం ఉంది కదా!

ఆ చెట్టు మా పొరుగింటి ముసలామె జువైనాకు తాత అయినాయన నాటింది. హిలాల్ తల్లి గనుక ఆమెను ఊరంతా ఉమ్మ హిలాల్ అంటుంది. మా తోటల్లో హక్కుల సంగతి కొంచెం వేరు. నేల ఒకరిది, చెట్టు ఇంకొకరిది, ఫలజ్ కాలువలో నీటి వంతు మరొకరిది. ఈ చెట్టు పండు మాత్రం దేవుడిది. "దీని కింద కూర్చుని ఉపవాసం విరమించేవాళ్లకే దీని పండ్లు" అని తాత కాగితం రాయించి వక్ఫ్ చేసి పోయాడు. గురువారం అరగంట కాలువ నీళ్లు కూడా దానికే రాశాడు.

రంజాను నెలంతా సాయంత్రం ఆ చెట్టు కింద చాప పరచడం, వచ్చేపోయేవాళ్లకు పండ్లు పెట్టడం జువైనా పని. నలభై ఏళ్లుగా ఒక్క సాయంత్రం తప్పలేదు. "పైలోకంలో తాత ఎదురొచ్చి, చాప ఎక్కడ వేశావే అంటే ఏం చెప్పను?" అన్నదొక్కటే ఆమె భయం. సొంత చావంటే కూడా అంత భయం లేదు.

మునిసిపాలిటీ జాబితాలో నేల ఆసామి పేరుంది. దేవుడి పేరు లేదు. ఫారంలో ఆ గడి లేదు మరి!

యంత్రం వచ్చిన రోజు ఆమె ఖల్ఫాన్ దగ్గరికి వెళ్లింది. నేనూ పక్కనే ఉన్నాను.

"నాయనా, ఆ గీతను రెండు బారలు అవతలికి జరపకూడదూ?"

"ఆమోదం అయిపోయిందమ్మా. గీత ఇక కదలదు."

"మరి చెట్టు?"

"చెట్టుకేం, ఆరు టన్నులైనా చిటికెలో కదులుతుంది."

"గీత ఎన్ని టన్నులు నాయనా?"

యంత్రం నడిపే బాబిక్ర్ సూడాన్‌వాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇంజనీరు గారూ, గీతనెత్తడం నా బండి వల్ల కాదండీ. ముందే చెబుతున్నా!"

మట్టలన్నీ పైకి కట్టి, గోనెపట్టా చుట్టి, చెట్టును ట్రైలర్ మీద పడుకోబెట్టారు. ఆస్పత్రికి తీసుకెళ్లే ముసలమ్మలా అది ఊరు దాటిపోయింది. పదకొండు కిలోమీటర్ల అవతల కొత్త మాల్ ముందున్న రౌండ్‌అబౌట్‌లో దిగింది. అక్కడ ఇల్లంత సిమెంటు కాఫీ కూజా ఒకటుంది. కట్టి ఎన్నేళ్లయినా దానిలోంచి చుక్క కాఫీ పడలేదు. నంజుకోవడానికి పక్కన ఖర్జూరం లేకపోవడమే కారణమని అధికారులు కనిపెట్టి ఉంటారు!

రంజాను వచ్చింది. మొదటి సాయంత్రమే జువైనా చాప, పండ్ల పళ్లెం, కాఫీ ఫ్లాస్కు పట్టుకుని నా పికప్ ఎక్కింది.

"ఎక్కడికి ఉమ్మ హిలాల్?"

"చెట్టు కిందికి. కాగితంలో చెట్టు పేరుంది, ఊరి పేరు లేదు. పోనీ బండి."

పొద్దుగూకే వేళ మా రోడ్ల మీద కార్లు ఎలా పరుగెడతాయో మీకు తెలుసు. ఎవరి గంజి వాళ్లింట్లో కాచుకుని ఉంటుంది. అలాంటి సమయంలో రౌండ్‌అబౌట్ నడుమ ఒక ముసలామె పళ్లెం ఎత్తి "రండి, రండి, దేవుడి పండు!" అంటుంటే ఏ ఉపవాసి తిరస్కరిస్తాడు? మొదటి రోజు నలుగురు ఆగారు. ఐదో రోజుకు డెబ్బై మంది. లారీ డ్రైవర్లు, మాల్‌లో నేల తుడిచేవాళ్లు, పెళ్లి బట్టలు కొనడానికి వచ్చిన ఒక కుటుంబం మొత్తం. కార్లు కూజా చుట్టూ మూడు వరసల్లో నిలిచిపోయాయి. చెట్టు వచ్చాకే ఆ కూజాకు అతిథులు దొరికారు. ఇది వరం కాదా?

ఆరో రోజు ఖల్ఫాన్ దిగాడు. కారు ఎక్కడో వెనక ఇరుక్కుపోతే వదిలేసి నడిచొచ్చాడు.

"ఉమ్మ హిలాల్, ఇది రౌండ్‌అబౌట్. ఇక్కడ కూర్చోకూడదు!"

"చెట్టు నిలబడొచ్చు గానీ నేను కూర్చోకూడదా?"

"వెనక రెండు కిలోమీటర్లు ట్రాఫిక్ ఆగిపోయిందమ్మా!"

"ఎక్కడివాళ్లను అక్కడ ఉండనిస్తే ఈ ట్రాఫిక్ ఎందుకొచ్చేది నాయనా?"

అతను నోరు తెరిచేసరికి అజాన్ వినిపించింది. తెరిచిన నోటి ముందుకు ఆమె పండు పట్టింది. "ముందు ఇది తిను. కేసు తర్వాత రాసుకో." అతనూ పొద్దున్నుంచి ఉపవాసమే కదా! తిన్నాడు. కాసేపాగి మెల్లగా, "ఇంకొకటి ఉందా అమ్మా?" అన్నాడు.

ఇంతలో ఊళ్లో ఇంకో చిక్కు మొదలైంది. చెట్టు వెళ్లిపోయింది గానీ దాని గురువారం నీళ్లు వెళ్లలేదు. పాత చోటికే వచ్చి, కొత్త తారు రోడ్డు అంచున అరగంట పారి ఆగుతున్నాయి. నీళ్లు మళ్లించమని ఖల్ఫాన్ కాలువ పెద్దను అడిగాడు. ఆయన చెవులు మూసుకున్నాడు. "వక్ఫ్ నీళ్లు నాయనా! ఇక్కడ నేను అరగంట మళ్లిస్తే, అక్కడ పైలోకంలో నాకు గుక్కెడు పుట్టవు." రోడ్డు కుంగింది. తారు పోశారు. మళ్లీ కుంగింది.

వేసవి వచ్చింది. రౌండ్‌అబౌట్‌లో చెట్టు ముందు పసుపైంది, తర్వాత గోధుమ రంగైంది, ఆ తర్వాత దాని తల వంగిపోయింది. యంత్రం తప్పేమీ లేదు. బదిలీ అయిన చోటు పడక జబ్బుపడే ఉద్యోగులు ఉండరా? నెల తిరక్కుండా ఆ చోట ఖర్జూర చెట్టు ఆకారంలో ఒక సెల్ టవర్ నిలబెట్టారు. మట్టలు కూడా ఉన్నాయి, ఆకుపచ్చ రంగువే!

జువైనాను తీసుకెళ్లి చూపించాను. మెడ ఎత్తి చాలాసేపు చూసింది.

"దీనికేం కాస్తుంది?"

"సిగ్నల్, ఉమ్మ హిలాల్."

"దాంతో ఉపవాసం విరమిస్తారా?"

నేను బండి తలుపు తీశాను. ఇంటి ముందు దిగుతూ, "ఇక తాతకు ఏం చెప్పను?" అంది.

రోడ్డు నాలుగోసారి కుంగాక ఖల్ఫాన్ తన గీత ఉన్న కాగితం బయటికి తీశాడు. పాఠకులారా, ఆరు టన్నుల చెట్టుకు కదలని గీత, నలభై ఏళ్ల చాపకు కదలని గీత, అరగంట బురదకు కదిలింది! రెండు బారలు అవతలికి, సరిగ్గా ఆమె అడిగినంతే. పై అధికారుల ఆమోదానికి పట్టింది రెండు రోజులు.

ఆ వంపులో మిగిలిన నేలలో జువైనా ఒక పిలక నాటింది. పాత చెట్టు పిలకే. ఎప్పుడో తెచ్చి పెరట్లో పెట్టుకుంది. మరుసటి గురువారం కాలువ నీళ్లు నేరుగా దాని మొదట్లోకి వచ్చాయి, దారి ఎవరినీ అడగలేదు.

అందుకే చెబుతున్నాను, యంత్రం వరమే. దాన్ని వాడవలసిందే. అయితే మునిసిపాలిటీకి నాదొక చిన్న మనవి: ఆ యంత్రంతో పాటు ఇంజనీరుకొక రబ్బరు ముక్క కూడా ఇప్పించండి. దానికి డీజిలు అక్కర్లేదు. బాబిక్ర్ కూడా అక్కర్లేదు.

ఈ రంజానుకు మళ్లీ చాప పడింది. పండ్లు జువైనా ఇంట్లోవి. పిలక ఇంకా మోకాలెత్తే ఉంది. కాగితంలో "దీని కింద" అని ఉంది గనుక, అందరం చాప మీద వంగి, ఒక్కొక్కరం తల ఆ రెండు మట్టల కిందికి పెట్టి పండు నోట వేసుకుంటున్నాం. నిన్న ఖల్ఫాన్ కూడా వచ్చాడు. పొడగరి, అందరికంటే ఎక్కువ వంగవలసి వచ్చింది.

"ఉమ్మ హిలాల్, ఇది పాతదంత కావాలంటే ఎన్నేళ్లు పడుతుంది?" అన్నాడు, ముల్లు చెవికి గుచ్చుకుంటుంటే.

"నలభై ఏళ్లు, నాయనా," అంది ఆమె, అతని చేతిలో ఇంకో పండు పెడుతూ. "అందాకా ఇలా మెడ వంచుకునే తినాలి."